వసంతంలో కెమెరా: టీనేజ్ పిల్లలున్న తల్లిదండ్రులకు ఫొటోగ్రఫీ సాధన

చిన్నపిల్లలు కెమెరాను పట్టించుకోరు. ఆటలో మునిగిన అయిదేళ్ల పాపను అరగంట సేపు ఫొటోలు తీసినా ఆమె లోకం ఆమెదే. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఈ వెసులుబాటు పోతుంది. తాము ఇతరులకు ఎలా కనిపిస్తున్నామన్న స్పృహ ఆ వయసులో చాలా బలంగా ఉంటుంది కాబట్టి, కెమెరా పైకి లేవగానే పిల్లలు ముఖం తిప్పుకుంటారు, చెయ్యి అడ్డం పెడతారు, లేదా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటారు. అంతవరకూ పిల్లల ఫొటోలే తీస్తూ వచ్చిన తల్లిదండ్రులు చాలామంది ఈ దశలో కెమెరాను అలమారలో పెట్టేస్తారు. నిజానికి దాన్ని బయటికి తీయవలసిన సమయం ఇదేనని నా దృఢమైన అభిప్రాయం. పిల్లల పక్కన మీరు అనుక్షణం ఉండనక్కరలేదు, రోజులో మీకంటూ కొన్ని ఖాళీలు మళ్లీ ఏర్పడుతున్నాయి, అన్నాళ్లూ పిల్లల జ్ఞాపకాలను దాచే పనిముట్టుగానే ఉండిపోయిన కెమెరాతో మీరు ఒక విద్యను నేర్చుకునే వీలు చిక్కుతోంది. పిల్లలు వద్దన్న చోట ఆగిపోయి, చెట్ల మీదా వెలుతురు మీదా చూపును పదును పెట్టుకున్నవారికి, కొంతకాలానికి ఆ పిల్లల ఫొటోలు కూడా మునుపటికంటే బాగా కుదురుతాయి. ఇక్కడ చెప్పే పద్ధతి అంతా ఈ క్రమం మీదే ఆధారపడి ఉంది: ముందు వసంతం, తర్వాత పిల్లలు.

ఇంటి బాధ్యతల మధ్య ఈ కళను చేపట్టినవారు ఫొటోగ్రఫీ చరిత్రలో ఉన్నారు. బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్‌కు 1863 డిసెంబరులో కూతురూ అల్లుడూ కెమెరాను కానుకగా ఇచ్చేనాటికి ఆమె వయసు 48 ఏళ్లు. ఆ తర్వాత ఇంట్లోవాళ్లనూ, పనివాళ్లనూ, స్నేహితులనూ కూర్చోబెట్టి ఆమె తీసిన ముఖచిత్రాలు 19వ శతాబ్దపు గొప్ప పోర్ట్రెయిట్లలో చోటు సంపాదించుకున్నాయి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఇమోజెన్ కనింగ్‌హామ్ 1915లో ఒక కొడుకుకూ, 1917లో కవల కొడుకులకూ తల్లి అయింది. పిల్లల పెంపకంతో ఇల్లు కదలడం కష్టమైన 1920లలో ఆమె తన తోటలోని మొక్కల మీదే కెమెరాను నిలిపింది; 1925 ప్రాంతంలో తీసిన మాగ్నోలియా పువ్వు చిత్రం ఆమె పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేంత ప్రసిద్ధమైంది. దూరప్రయాణాలు కుదరని తల్లిదండ్రులకు ఆ చిత్రం ఇచ్చినంత ధైర్యం మరే పాఠమూ ఇవ్వదు.

ఏ వేళ ఎవరిది

మొదట తేల్చుకోవలసింది సమయం. కౌమారంలో శరీరంలోని గడియారం ఆలస్యంగా నడుస్తుంది. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోను రాత్రిపూట మునుపటికంటే ఆలస్యంగా విడుదలవుతుంది. 13 నుంచి 18 ఏళ్ల మధ్య వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. పొద్దెక్కినా పిల్లలు లేవకపోవడాన్ని సోమరితనంగా చూడకూడదు. సెలవురోజు తెల్లవారుజామునే వాళ్లను లేపి సూర్యోదయం చూడటానికి బయలుదేరదీస్తే వాళ్ల నిద్ర పాడవుతుంది, మీ ఫొటోలూ సరిగ్గా రావు. కాబట్టి ఉదయపు వెలుతురును పూర్తిగా మీదిగా చేసుకోండి. ఇల్లంతా నిద్రలో ఉన్న ఆ వేళలో మీరు బయటికి వెళ్లి వస్తే ఎవరికీ ఏ లోటూ జరగదు. సాయంత్రపు నీరెండను మాత్రం పిల్లలతో పంచుకోండి. ఆ సమయానికి వాళ్లు పూర్తిగా మేలుకుని, కొంత హుషారుగా కూడా ఉంటారు.

సూర్యుడు దిగంతానికి సుమారు 6 డిగ్రీల ఎత్తు లోపల ఉన్నప్పుడు వచ్చే వెచ్చని, పక్కవాటు వెలుతురును ఫొటోగ్రాఫర్లు గోల్డెన్ అవర్ అంటారు. పేరులో గంట ఉన్నా, ఆ వ్యవధి మీరున్న అక్షాంశాన్ని బట్టీ, కాలాన్ని బట్టీ మారుతుంది. పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే వసంత విషువత్తు ఉత్తరార్ధగోళంలో మార్చి 20 ప్రాంతంలో, దక్షిణార్ధగోళంలో సెప్టెంబరు 22, 23 తేదీల ప్రాంతంలో వస్తుంది. ఏడాది మొత్తంలో పగటి నిడివి అత్యంత వేగంగా పెరిగేది ఆ రోజుల్లోనే. 40 డిగ్రీల అక్షాంశం దగ్గర పగలు రోజుకు రెండున్నర నిమిషాలకు పైగా పెరుగుతుంది కాబట్టి, వారం తిరిగేసరికి సూర్యాస్తమయం ఏడెనిమిది నిమిషాలు ఆలస్యమవుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నవారికి ఈ తేడా చాలా స్వల్పం. దూరంగా ఉన్నవారు మాత్రం తమ నడకను గడియారంలోని ఒక స్థిర సమయానికి కాక సూర్యాస్తమయానికి ముడిపెట్టుకుని, నలభై నిమిషాల ముందు బయలుదేరాలని నియమం పెట్టుకోవడం మేలు.

నెలకొకసారి రోజంతా తిరగడం కంటే వారానికి మూడుసార్లు ఇరవై నిమిషాల చొప్పున చేసే సాధన ఎక్కువ నేర్పుతుంది. ఆ ఇరవై నిమిషాలను ఇంట్లో అందరూ చూసే క్యాలెండర్‌లో రాసిపెట్టి, ఎన్నింటికి తిరిగి వస్తారో చెప్పి, చెప్పిన వేళకు కచ్చితంగా రండి. పిల్లల ఆటల వేళలనూ స్నేహితుల కలయికలనూ ఇంట్లో గౌరవిస్తున్నట్లే మీ సమయాన్ని కూడా గౌరవించడం వాళ్లు నేర్చుకునేది ఈ మాట నిలబెట్టుకోవడం వల్లనే. చాలా చోట్ల వసంతం పరీక్షల కాలం కూడా. ఆ వారాల్లో పిల్లలను ఫొటోల కోసం ఏమీ అడగకండి. చదువు మధ్యలో పది నిమిషాలు గాలికి నడుద్దామా అని అడిగి, కెమెరాను ఇంట్లోనే వదిలి వెళ్లండి.

చిగుళ్లతో మొదలు

నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక చెట్టును ఎంచుకోండి. దాన్ని ప్రతి వారమూ ఒకే చోట నిలబడి, ఒకే ఎత్తు నుంచి, ఒకే లెన్స్‌తో తీయండి. మోడు కొమ్మ, మొగ్గ, చిగురు, పూత, పిందె, ముదిరిన ఆకు, ఇలా రెండు నెలల మార్పు ఒక వరుసగా మీ చేతికి వస్తుంది. అదే చట్రాన్ని (ఫ్రేమ్‌ను) మళ్లీ పట్టుకోవడం కోసం నేల మీద ఒక రాయినో, గోడ అంచునో గుర్తు పెట్టుకోండి, పాత ఫొటోను ఫోన్‌లో తెరిచి పోల్చుకోండి. విషయం మారదు కాబట్టి మీ దృష్టి అంతా వెలుతురు మీదికి వెళుతుంది. ఈ విద్యలో మొదట నేర్చుకోవలసింది అదే.

తెల్లని, లేతరంగు పూలు కొత్తవారిని బాగా ఇబ్బంది పెడతాయి. ఎదుట ఉన్న దృశ్యం సగటున మధ్యస్థమైన బూడిదరంగు స్థాయిలో ఉంటుందన్న లెక్కతో కెమెరా వెలుతురును కొలుస్తుంది. చట్రం నిండా తెల్లపూలు ఉంటే వాటిని కూడా ఆ స్థాయికి దించేస్తుంది, అందువల్ల పూలు మురికిపట్టినట్లు కనిపిస్తాయి. కెమెరా లెక్కకంటే ఫొటోను ప్రకాశవంతంగానో చీకటిగానో చేసే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అనే అమరికను ప్లస్ 1 దగ్గరికి పెంచి చూడండి. రేకల మీది సన్నని గీతలు చెరిగిపోతున్నట్లయితే ప్లస్ అర దాకా తగ్గించండి. ముదురు ఆకుల నేపథ్యంలో ఒకే ఒక్క తెల్లపువ్వు ఉంటే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. చీకటిని చూసి కెమెరా వెలుతురు పెంచేస్తుంది కాబట్టి అక్కడ మైనస్ వైపు వెళ్లాలి.

లేత ఆకులకు ఎదురు వెలుతురు అందం తెస్తుంది. సూర్యుడు ఆకు వెనక ఉండేలా నిలబడితే వెలుతురు ఆకులోంచి వడపోసినట్లు దూసుకువచ్చి, ఈనెలతో సహా ఆకు వెలుగుతుంది. వెనక నీడలో ఉన్న గోడో, దట్టమైన పొదో ఉండేలా ఒక అడుగు పక్కకు జరగండి. మంచి ఫొటోకూ మామూలు ఫొటోకూ మధ్య ఉన్న దూరం చాలాసార్లు ఆ ఒక్క అడుగే. సూర్యకాంతి నేరుగా లెన్స్ మీద పడకుండా చేత్తో నీడ పట్టండి. వాన వెలిసిన తర్వాత ఆకుల మీద మెరుపు ఎక్కువై రంగు తేలిపోయినట్లు ఉంటే పోలరైజింగ్ ఫిల్టర్ ఆ మెరుపును తగ్గించి అసలు పచ్చదనాన్ని చూపుతుంది. మబ్బు పట్టిన రోజును వదులుకోకండి. నీడలు మెత్తబడే ఆ రోజుల్లోనే పూల రంగులు సహజంగా కనిపిస్తాయి.

దగ్గర నుంచి తీసేటప్పుడు స్పష్టంగా కనిపించే లోతు కొన్ని మిల్లీమీటర్లకు పడిపోతుంది. లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎఫ్ సంఖ్యను (సంఖ్య పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదై, స్పష్టంగా కనిపించే లోతు పెరుగుతుంది) ఎఫ్ 8 లేదా ఎఫ్ 11 దగ్గర మొదలుపెట్టి, ఫోకస్‌ను కేసరాల మీద ఉంచి, కెమెరా వెనుక భాగం పువ్వు తలానికి సమాంతరంగా ఉండేలా పట్టుకోండి. గాలికి ఊగే కొమ్మకు షట్టర్ వేగం, అంటే కెమెరా వెలుతురును లోపలికి రానిచ్చే సమయం, కనీసం 1/500 సెకను అవసరం. తెల్లవారిన వెంటనే గాలి సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది కాబట్టి, ఆ సమయంలో 1/125 కూడా సరిపోవచ్చు. ఈ రెండింటికీ కావలసిన వెలుతురు చాలకపోతే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని సూచించే ఐఎస్ఓను నిస్సంకోచంగా పెంచండి. ఇప్పటి కెమెరాలలో ఐఎస్ఓ 3200 దగ్గర కనిపించే గరుకుదనం కంటే కదిలిపోయిన పువ్వు చాలా పెద్ద లోపం.

పుప్పొడి సంగతి కూడా మరచిపోకూడదు. పూసిన చెట్టు కింద లెన్స్ మార్చకండి, అద్దం మీద పడిన పొడిని ముందు గాలి బల్బుతో ఊది ఆ తర్వాతే గుడ్డతో తుడవండి. ఇంట్లో ఎవరికైనా పుప్పొడి పడకపోతే నడకను వానకు తర్వాతి వేళకు మార్చుకోవడం మంచిది.

పిల్లల దగ్గరికి

మీ కెమెరా కొన్ని వారాల పాటు చెట్ల వైపే తిరిగి ఉండటం పిల్లలు గమనిస్తారు. అది తమ కోసం పొంచి ఉన్న వస్తువు కాదని వాళ్లకు నమ్మకం కుదిరాక మాట కదపండి. మాట సూటిగా ఉండాలి: "అప్పుడప్పుడు నిన్ను తీయాలని ఉంది. నువ్వు చూసి సరే అన్నవే ఉంచుతాను, నీకు చెప్పకుండా ఎవరికీ పంపను." ఆ తర్వాత ఆ మాటను అక్షరాలా పాటించాలి. తీసిపారేయమన్న ఫొటోను వాళ్ల ఎదుటే తీసెయ్యండి, అది మీకు ఎంత నచ్చినదైనా సరే. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయానికి విలువ ఇవ్వాలని చెబుతుంది, 16వ అధికరణం వాళ్ల ఏకాంతానికి రక్షణ కల్పిస్తుంది. ఇంట్లో అమ్మానాన్నలు పట్టుకున్న కెమెరాకు కూడా ఈ రెండూ వర్తిస్తాయని నేను నమ్ముతాను. నిద్రపోతున్నప్పుడు, ఏడుస్తున్నప్పుడు, గొడవ జరుగుతున్నప్పుడు తీయకపోవడం ఒప్పందంలో చెప్పనక్కరలేని భాగం.

ససేమిరా అన్న పిల్లలను బతిమాలకండి. వాళ్లు ఒప్పుకుంటే ముఖం లేకుండా తీయగలిగినవి ఎన్నో ఉన్నాయి: తీగలు మీటే వేళ్లు, సైకిల్ గొలుసు సరిచేస్తున్న చేతులు, సాయంత్రపు ఎండలో నేల మీద పొడుగ్గా సాగిన నీడ, కిటికీకి ఎదురుగా కూర్చున్న ఆకారం, గుమ్మం దగ్గర విడిచిన బూట్లు. ఏళ్లు గడిచాక చూస్తే, నవ్వమంటే నవ్విన ముఖం కంటే ఆ కాలపు జీవితాన్ని ఇవే ఎక్కువగా పట్టి ఇస్తాయి.

ముఖం తీయడానికి అనుమతి దొరికినప్పుడు, వాళ్లు ఇష్టంగా, నేర్పుగా చేసే పనిలో ఉన్నప్పుడు తీయండి. టీనేజ్ పిల్లలు ముద్దుగా కనిపించాలని కోరుకోరు, సమర్థులుగా కనిపించాలని కోరుకుంటారు. బంతి ఆటలో దూకుతున్నప్పుడు 1/1000 సెకను, నడుస్తూ మాట్లాడుతున్నప్పుడు 1/250 సెకను పెట్టుకోండి. ఒక్కరే ఉంటే ఎఫ్ 2 దగ్గర కంటి మీద ఫోకస్ పెడితే వెనుక ఉన్న పూత మెత్తని రంగుగా కరిగిపోతుంది; ఇద్దరు ముగ్గురు ఉంటే అందరి ముఖాలూ స్పష్టంగా రావడానికి ఎఫ్ 5.6 దాకా వెళ్లాలి. ముఖానికి 50 నుంచి 85 మిల్లీమీటర్ల లెన్స్, మనిషికి రెండు మీటర్ల దూరం అనుకూలం. ఫోన్‌లో మామూలుగా తెరుచుకునే ప్రధాన కెమెరా సాధారణంగా 24 నుంచి 26 మిల్లీమీటర్ల విశాలకోణానికి సమానం. చట్రం నింపడానికి దానితో ముఖానికి మరీ దగ్గరగా వెళితే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్లుగా వస్తాయి, తన రూపం గురించి ఇప్పటికే మథనపడుతున్న పిల్లలకు అలాంటి ఫొటో చూపించడం అన్యాయం. రెండు రెట్లు జూమ్ చేసి, రెండడుగులు వెనక్కి వెయ్యండి.

నడినెత్తి ఎండ కళ్ల కింద నీడలు వేసి, మొటిమలను ఎత్తి చూపుతుంది. చెట్టు నీడ అంచున, ముఖం తెరిచి ఉన్న ఆకాశం వైపు తిరిగేలా నిలబెడితే వెలుతురు మెత్తగా పరుచుకుంటుంది. దట్టమైన కొమ్మల కింద మాత్రం జాగ్రత్త పడాలి. ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు ముఖాన్ని ముక్కలు చేస్తాయి, లేత ఆకుల పచ్చదనం చర్మం మీద ప్రతిఫలిస్తుంది. ఎడిటింగ్‌లో మొటిమలను తుడిచేయాలా వద్దా అన్నది పిల్లలనే అడగండి. అడగకుండా చర్మాన్ని నున్నగా చేసి చూపిస్తే, ఉన్నది ఉన్నట్లుగా ఉంటే బాగాలేదని మీరు చెప్పినట్లే వాళ్లకు వినిపిస్తుంది.

అయిదారు ఫొటోలు తీసి ఆపెయ్యండి. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ సాగదీస్తే, తర్వాతిసారి అనుమతి దొరకదు.

కెమెరాను వాళ్ల చేతికి కూడా ఇవ్వాలి. మెడకు పట్టీ వేసుకోమని తప్ప మరో సూచన ఇవ్వకండి. వీడియో కూర్పులోనూ రంగులు సరిచేయడంలోనూ వాళ్లకు మీకంటే ఎక్కువ తెలిసి ఉండవచ్చు, అడిగి నేర్చుకోండి. ఎప్పుడూ కెమెరా వెనకే ఉండే తల్లి లేదా తండ్రి కుటుంబపు ఫొటోల్లో కనిపించరు. పిల్లలు మిమ్మల్ని తీస్తే ఆ లోటు తీరుతుంది, ఎదుటి మనిషి చూపుకు నిలబడటం ఎంత కష్టమో మీకూ తెలుస్తుంది.

పరికరాలు, ఎంపిక, భద్రత

పరికరాల గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. చేతిలో ఉన్న ఫోన్‌తో ఒక వసంతం మొత్తం నేర్చుకోవచ్చు. తెర మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ స్థిరపరచడం తెలిస్తే చాలు. కెమెరా ఉన్నవారు 35 లేదా 50 మిల్లీమీటర్ల స్థిర లెన్స్ (జూమ్ లేనిది) ఒక్కదానితో వసంతమంతా పనిచేయండి. ఏపీఎస్‌సీ అనే చిన్న సైజు సెన్సర్ (వెలుతురును గ్రహించే భాగం) ఉన్న కెమెరాలలో చాలావాటిలో 35 మిల్లీమీటర్ల లెన్స్ ఇచ్చే దృశ్యం, పెద్ద ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కెమెరాలో 50 మిల్లీమీటర్ల లెన్స్ ఇచ్చేదానికి సుమారు సమానమవుతుందని గుర్తుంచుకోండి.

తీసిన రోజే ఎంపిక చేయకండి. ఆ పూట కలిగిన సంతోషం ఫొటోలో లేకపోయినా ఉన్నట్లే అనిపిస్తుంది. నాలుగు రోజులు ఆగి చూసి, నచ్చినవాటిలో కొన్నిటిని మాత్రమే ఉంచి, మిగిలినవాటిలో ఎందుకు కుదరలేదో ఒక్క వాక్యం రాసుకోండి. పిల్లలున్న ఫొటోల విషయంలో వాళ్ల ఎంపికే చివరిది. మీకు నచ్చినదీ వాళ్లకు నచ్చినదీ వేరైనప్పుడు కారణం అడిగి వినండి, వాదించకండి.

ఇతరులకు పంపేముందు ఫొటోలో ఏముందో పరిశీలించాలి. స్కూలు పేరున్న యూనిఫామ్, ఇంటి నంబరు, బండి నంబరు కనిపిస్తుంటే ఆ భాగాన్ని కత్తిరించండి. లొకేషన్ అనుమతి ఇచ్చిన ఫోన్ ప్రతి ఫొటోలోనూ తీసిన చోటును నమోదు చేస్తుంది కాబట్టి, పంపే ముందు ఆ సమాచారాన్ని తొలగించే ఎంపికను వాడండి. మీ పిల్లల స్నేహితులు చట్రంలో ఉంటే ఆ పిల్లలనూ, వాళ్ల తల్లిదండ్రులనూ అడగకుండా పంపకూడదు.

భద్రపరచడంలో ఎక్కువమంది పాటించే నియమం 3-2-1: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంటికి దూరంగా. వసంతం ముగిశాక ఇరవై ఫొటోలను కాగితం మీద ముద్రించండి. 10×15 సెంటీమీటర్ల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున సుమారు 1200×1800 పిక్సెళ్లు, అంటే దాదాపు 22 లక్షల పిక్సెళ్లు చాలు కాబట్టి పాత ఫోన్‌తో తీసినవి కూడా నిక్షేపంగా వస్తాయి. వెనుక తేదీని పెన్సిల్‌తో రాసి, అందరికీ అందే చోట పెట్టెలో ఉంచండి.

పిల్లలు పై చదువులకో, ఉద్యోగానికో ఇల్లు విడిచి వెళ్లేటప్పుడు, వాళ్లు ఉన్న ఫొటోలన్నిటికీ పూర్తి సైజు కాపీని ఒక డ్రైవ్‌లో వేసి ఇవ్వండి. చెట్టు ఫొటోల వరుస కావాలా అని కూడా అడగండి, కావాలంటే అదీ చేర్చండి. సంవత్సరాన్ని బట్టి ఫోల్డర్లు చేసి, వాళ్లు తీసినవీ మీరు తీసినవీ విడిగా తెలిసేలా ప్రతి ఫోల్డర్ పేరులో తీసినవారి పేరు రాయండి.